నడుస్తూ ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే కారు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

పోయిన ఏడాది రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ఆత్మకూరు నుంచి నెల్లూరు వస్తుంటే సంగం దాటాక మా పెట్రోలు బండి ఆగిపోయింది. దగ్గలేదు, తుళ్లలేదు, ఎవరో తాళం తిప్పేసినట్టు ఇంజను గమ్మునైపోయింది. సెల్ఫ్ కొడితే బాగానే తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. చెట్టు నీడకు తోసుకుని ముప్పావుగంట కూర్చుని, విసుగొచ్చి ఊరికే ఒకసారి కొట్టి చూస్తే ఒక్క దెబ్బకే స్టార్టయింది, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా ఇంటిదాకా బుద్ధిగా వచ్చింది.

ఆ తర్వాత నెలన్నరలో ఇంకో నాలుగుసార్లు ఇదే తంతు. ప్రతిసారీ షెడ్డుకు తీసుకెళ్లడం, అక్కడ అది చక్కగా స్టార్టవడం, "ఏం లేదన్నా, బండి బాగుంది" అనిపించుకుని రావడం. మధ్యలో ప్లగ్గులు మార్చారు, బ్యాటరీ మార్చారు, ఆఖరికి పెట్రోలు పంపు కూడా మార్చారు, మళ్లీ ఆగింది. చివరికి దొరికిన దొంగ బొటనవేలంత క్రాంక్ సెన్సారు, ఇంజను తిరుగుతోందని బండిలోని కంప్యూటరుకు చెప్పేది అదే. ఆ నెలన్నరలో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, ఈ రకం జబ్బుకు బండి నడుస్తున్నప్పుడు ఎన్ని పరీక్షలు చేసినా అన్నీ బాగానే ఉన్నాయని వస్తుంది, అది చచ్చి రోడ్డు పక్కన పడున్న ఆ అరగంటలోనే చూసుకోవాలి, ఆ అరగంటను మనం ఫోన్లు చేయడానికీ తిట్టుకోవడానికీ ఖర్చుపెట్టేస్తాం.

ముందు ప్రాణాల సంగతి. ఇంజను ఆగిన క్షణంలో స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు రెండు మూడు నొక్కులదాకా మామూలుగా పనిచేసి తర్వాత రాయిలా గట్టిపడుతుంది, కాబట్టి బ్రేకును ఊరికే తొక్కి వదలకుండా ఒకే ఒత్తిడితో పట్టి ఎడమవైపు మార్జిన్‌లోకి తెచ్చుకోండి. బండి కదులుతుండగా తాళం మొత్తం వెనక్కి తిప్పి బయటకు లాగొద్దు, స్టీరింగు లాక్ పడుతుంది. నాలుగు లైట్లు వేసి, ట్రయాంగిల్ ఉంటే యాభై మీటర్లు వెనక పెట్టండి. జాతీయ రహదారి మీదైతే హైవే హెల్ప్‌లైన్ 1033 కి ఫోన్ చేయొచ్చు, కావలి ఒంగోలు మధ్య లారీలు వెళ్లే వేగానికి పిల్లల్ని బండిలో కూర్చోబెట్టడం కంటే దించి రెయిలింగు అవతల నిలబెట్టడం మేలు.

ఇక అసలు పని. బండి ఎలా ఆగిందో మర్చిపోకముందే గుర్తు చేసుకోండి, సగం జవాబు అక్కడే ఉంది. స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగితే కరెంటు వైపు తప్పు: సెన్సారు, రిలే (కరెంటును కలిపి తెంపే చిన్న డబ్బా స్విచ్), తాళం కింద స్విచ్, బ్యాటరీ లేదా ఎర్త్ వైరు. దగ్గుతూ, గుంజుకుంటూ, ఎక్సిలేటరు తొక్కినా ఊపు రాక ఆగితే పెట్రోలు అందడం లేదని ఎక్కువ అనుమానం. సిగ్నల్ దగ్గర నిలబెట్టినప్పుడు మాత్రమే ఆగిపోయి, వెంటనే మళ్లీ స్టార్టయ్యే బండి కథ వేరు, దానికి ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి పట్టడం, ఎక్సిలేటరు తొక్కనప్పుడు గాలినిచ్చే ఐడిల్ వాల్వు, ఎక్కడో గాలి లీకు చూడాలి, ఈ వ్యాసంలోని జబ్బు అది కాదు. ఎయిర్ ఫిల్టర్ సంగతీ అంతే, చీమకుర్తి క్వారీల దుమ్ములో తిరిగే బండికి అది త్వరగా మూసుకుపోయే మాట నిజమే, కానీ దానివల్ల పికప్ తగ్గుతుంది గానీ బండి ఇలా ఉన్నట్టుండి చావదు.

గేరులో ఉండి బండి ఇంకా దొర్లుతుండగా ఆర్‌పీఎమ్ ముల్లు ఏం చేసిందో చూడగలిగితే బంగారం. చక్రాలు ఇంజనును తిప్పుతూనే ఉన్నాయి, అయినా ముల్లు సున్నాకు పడిపోయిందంటే ఇంజను తిరుగుతున్న కబురు కంప్యూటరుకు అందడం లేదు, లేదా కంప్యూటరుకే కరెంటు పోయింది. డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి ఉంటే సెన్సారు జోలికి పోకండి, బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్ చూడండి. తాళానికి పెద్ద గుత్తి తగిలించి ఏళ్ల తరబడి తోలిన బండ్లలో ఆ స్విచ్ అరిగిపోతుంది, ఆన్‌లో ఉంచి తాళాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపితే లైట్లు రెపరెపలాడితే అదే.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి, ఐదారు సెకన్లకు మించి వద్దు, మధ్యలో ఒక నిమిషం ఆపండి, లేకపోతే మంచి బ్యాటరీని కూడా మనమే చంపుతాం. అసలు తిరక్కపోతే, లేదా టకటకమని చప్పుడే వస్తే అది బ్యాటరీ, టెర్మినళ్లు, స్టార్టర్ మోటారు వ్యవహారం. టెర్మినల్‌ను చేత్తో తిప్పి చూడండి, కదిలిందంటే బిగించాలి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తగిలే బండ్లకు ఎర్త్ పట్టీ బాడీని తాకే చోట తుప్పు పడుతుంది, పైకి కనపడదు, విప్పి గీకితేనే తెలుస్తుంది. మల్టీమీటరు ఉంటే లెక్క తేలిక: ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజను నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య, సెల్ఫ్ కొడుతుంటే 9.6 కంటే కిందికి జారిపోతే బ్యాటరీ నీరసంగా ఉంది. స్టార్టయి రెండు సెకన్లకే ఆగిపోతూ, తాళం బొమ్మ లైటు మినుకుమంటుంటే ఇమ్మొబిలైజరు, అంటే దొంగ తాళంతో బండి నడవకుండా ఆపే ఏర్పాటు, మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు, రెండో తాళంతో ప్రయత్నించండి. ఇంకొకటి, సెల్ఫ్ ఎప్పటికంటే తేలిగ్గా, అడ్డమేమీ లేనట్టు సర్రున తిరుగుతుంటే వెంటనే మానేయండి, టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు, ఇంకా తిప్పితే వాల్వులు వంగొచ్చు.

మా బండిలాగా సెల్ఫ్ మామూలుగానే తిరిగి అంటుకోకపోతే చెవులు పెట్టాల్సిన చోటు వెనక సీటు. చాలా పెట్రోలు బండ్లకు పంపు ట్యాంకులోనే, వెనక సీటు కిందే ఉంటుంది. ఏసీ, రేడియో, అన్నీ ఆపి, ఒకరు వెనక సీటు దగ్గర చెవి పెట్టి, ఇంకొకరు సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ వరకే తిప్పండి. రెండు మూడు సెకన్లు 'జుయ్' మని మూలిగి ఆగాలి. అది వినిపించిందంటే పంపుకు కరెంటు వస్తోంది, మోటారు తిరుగుతోంది, పెట్రోలు ఒత్తిడి చాలినంత ఉందా అన్నది మాత్రం గేజీ పెడితేనే తెలుస్తుంది.

మా విషయంలో పొరపాటు జరిగింది సరిగ్గా ఇక్కడే. నాలుగోసారి ఆగినప్పుడు మెకానిక్ అదృష్టంకొద్దీ పక్కనే ఉన్నాడు, సెల్ఫ్ కొట్టించి విన్నాడు, పంపు మోగడం లేదు, "పంపు పోయింది, మార్చేద్దాం" అన్నాడు, నేనూ తలూపాను. తాళం ఆన్ చేసినప్పుడు మోగిందా లేదా అని ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు. చాలా బండ్లలో కంప్యూటరు మొదట ఆ రెండు మూడు సెకన్లు పంపును నడిపి ఆపేస్తుంది, తర్వాత ఇంజను తిరుగుతోందని క్రాంక్ సెన్సారు చెబితేనే మళ్లీ నడుపుతుంది, ప్రమాదం జరిగి ఇంజను ఆగినప్పుడు పెట్రోలు కారిపోకుండా ఈ ఏర్పాటు. సెన్సారు మూగబోతే పంపూ ఆగుతుంది, స్పార్కూ రాదు, ఇంజెక్టర్లూ కొట్టవు. మూడూ ఒకేసారి పోయాయంటే మూడు వస్తువులు చెడిపోయాయని కాదు, వాటికి పైనున్న ఒకటి చెడిందని. ఇది ముందే తెలిసుంటే పంపు డబ్బులు మిగిలేవి.

ఆన్ చేసినప్పుడు కూడా పంపు మోగకపోతే ఫ్యూజు చూసి, తర్వాత పంపు రిలే తీసి అదే నంబరున్న ఇంకో రిలేతో, చాలాసార్లు హారన్‌ది సరిపోతుంది, మార్చి పెట్టండి. మోగిందా, రిలే పోయినట్టు. అప్పటికీ మోగకపోతే వెనక సీటు ఎత్తి పంపు కనెక్టరు దగ్గర మీటరు పెట్టి ఇంకొకరిని తాళం ఆన్ చేయమనండి: ఆ రెండు సెకన్లు 12 వోల్టులు వచ్చి కూడా పంపు కదలకపోతే పంపే దొంగ, కరెంటే రాకపోతే పంపును మార్చి లాభం లేదు, వైరు వెంట వెనక్కి వెతకాలి. ట్యాంకు అడుగున చేత్తో రెండు దెబ్బలు తడితే పంపు కదిలి బండి స్టార్టవడం కూడా ఉంది, అది పంపు మోటారు అరిగిందనడానికి గుర్తు, ఇల్లు చేరడానికి పనికొస్తుంది గానీ మరమ్మతు కాదు. ఎప్పుడూ రిజర్వులో తోలేవాళ్ల పంపులు త్వరగా పోతాయి, ఎందుకంటే పంపును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి గట్టిగా లాగి, ఆ వెంటనే బండి స్టార్టయితే ట్యాంకు గాలి దారి మూసుకుపోయిందేమో చూపించండి.

తాళం ఆన్ చేస్తే పంపు మోగుతుంది, అయినా అంటుకోదు, ఠక్కున ఆగింది, చల్లారాక స్టార్టవుతుంది, ఈ నాలుగూ కలిస్తే నా ఓటు క్రాంక్ సెన్సారుకే. లోపలున్న సన్నని రాగి తీగ ఎక్కడో విడిపోయి ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలు తాకుతాయి, వేడికి సాగి విడిపోతాయి. బండి ఆగాక గాలి తగలక బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది, అందుకే ఆగిన వెంటనే ఎంత కొట్టినా రాదు, బానెట్ ఎత్తిపెడితే ముందుగా కోలుకుంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు కాస్తయినా లేస్తుందా చూడండి. ఎప్పుడూ లేచే బండిలో ఇప్పుడు లేవడం లేదంటే గట్టి అనుమానమే, కానీ కొన్ని బండ్లలో ఆ ముల్లు బాగున్నప్పుడు కూడా లేవదు, అందుకే మీ బండి ఆరోగ్యంగా ఉన్నరోజే ఒకసారి చూసి పెట్టుకోండి.

దీన్ని రుజువు చేసే పద్ధతి చాలా చవక. సెన్సారు ఎక్కడుందో ముందే తెలుసుకోండి, ఎక్కువగా గేరు బాక్సు కలిసే చోట గానీ ముందు బెల్టు పుల్లీ దగ్గర గానీ ఉంటుంది. బండి చచ్చినప్పుడు తడిగుడ్డ దానికి చుట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి, పక్కనే సైలెన్సరు గొట్టం కాలిపోతుంటుంది, చెయ్యి జాగ్రత్త. మామూలుగా ముప్పావుగంట పట్టేది ఐదు నిమిషాల్లో స్టార్టయిందంటే ఇంక సాక్ష్యం ఎందుకు? రెండు వైర్ల సెన్సారైతే మీటరుతో ఓమ్స్ కూడా కొలవొచ్చు, చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందలు చూపించి వేడిలో ఏమీ చూపించకపోతే తీగ విడిపోయినట్టే. మూడు వైర్లది హాల్ రకం, అంటే లోపల ఎలక్ట్రానిక్ చిప్పు ఉన్నది, కావచ్చు, దాన్ని ఓమ్స్‌తో కొలిచి ఏమీ తేల్చలేం. కొత్తది కొనేముందు కనెక్టరు, దాని వెనక వైర్లు కదిపి చూడండి, పొలాల పక్కన బండి పెట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎలుకలు కొరికిన వైరు కూడా ఇదే నాటకం ఆడుతుంది.

ఒంగోలు కర్నూలు రోడ్డు లాంటి చోట గంటసేపు అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన బండి, ఇంజను చల్లగా ఉన్నా, స్టార్టవకపోతే సెన్సారు కంటే డాష్‌బోర్డు కింద ఉండే రిలేను ముందు అనుమానించండి. పాత బండ్లలో రిలే లోపలి టంకం అతుకులు పగిలి, క్యాబిన్ వేడెక్కినప్పుడు విడిపోతాయి. బయట పెట్టించిన అలారం, సెంట్రల్ లాక్ వైర్లు కూడా అక్కడే ఉంటాయి, ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి ఊడిపోయిన జాయింట్లు నేను చూసినవే రెండు మూడున్నాయి.

బండి కంప్యూటరు దాచుకున్న తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ కొనుక్కోవచ్చు, ఫోనుకు కలిసే చిన్నది చాలు. పి 0335 అని వస్తే క్రాంక్ సెన్సారు సర్క్యూటు, పి 0340 అయితే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టును గమనించే క్యామ్ సెన్సారు సర్క్యూటు, పి 0230 అయితే పంపు సర్క్యూటు. సర్క్యూటు అన్నమాట గమనించండి, వస్తువే కావచ్చు, వైరూ కావచ్చు. కోడ్ ఏమీ లేకపోయినా బండి బాగుందని కాదు, మా బండి మొదటి మూడుసార్లు ఏ కోడూ దాచుకోలేదు. లైవ్ డేటాలో సెల్ఫ్ కొడుతుండగా ఆర్‌పీఎమ్ సున్నా చూపిస్తే అది కోడ్ కంటే మంచి సాక్ష్యం.

స్పార్కు చూడాలంటే ప్లగ్గు వైరును చేత్తో పట్టుకునే పాత మొనగాడితనం ఇప్పటి కాయిల్స్ దగ్గర వద్దు, టెస్టరు వాడండి, పెట్రోలు వాసన వస్తుంటే అసలే వద్దు.

డీజిల్ బండికి స్పార్కు లేదు కాబట్టి పని సగం తగ్గుతుంది. ఫిల్టరు మూసుకుపోవడం, నీళ్లు చేరడం, డీజిల్ గొట్టాల్లో గాలి చేరి ఎయిర్ పట్టడం, ముందు ఈ మూడే. ఫిల్టరు మీద చేతి పంపు ఉంటే నొక్కండి, గట్టిపడేదాకా చాలాసేపు నొక్కాల్సి వస్తే ఎక్కడో గాలి లాగుతోంది. కామన్ రైలు బండికి (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం, అంటే రైలు, నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) కూడా క్రాంక్ సెన్సారు ఉంటుంది, వేడికి అదీ ఇలాగే మూగబోతుంది. పి 0087 వస్తే రైలులో ఒత్తిడి చాలడం లేదు, ఫిల్టరు నుంచి మొదలుపెట్టండి. గ్యాసు కిట్టు ఉన్న బండైతే స్విచ్ పెట్రోలుకు మార్చి కొట్టి చూడండి, పెట్రోలు మీద అంటుకుంటే తప్పు గ్యాసు వైపు.

ఇవన్నీ రోడ్డు పక్కన ఎండలో గుర్తుండవు. అందుకే బండి ఆగగానే ఫోనులో వీడియో పెట్టి తాళం ఆన్ చేయడం, వెనక సీటు చప్పుడు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటరు, అన్నీ తీయండి, ఎంతసేపటికి స్టార్టయిందో, ట్యాంకులో ఎంతుందో నోటితో చెప్పండి. షెడ్డులో "బాగానే ఉంది కదన్నా" అన్నప్పుడు ఆ వీడియో చూపిస్తే మాట మారిపోతుంది. వస్తువు మార్చాక కూడా పాతది అడిగి తీసుకోండి, సాయంత్రం చల్లగాలికి కాకుండా మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసుకుని, అంతకుముందు ఆగిన రోడ్డు మీదే గంటసేపు తోలి, ఒకచోట ఆపి పదినిమిషాలకు మళ్లీ కొట్టి చూడండి. నేను సంగం బ్యారేజీ దాకా వెళ్లి టీ తాగి వచ్చాను, ఎందుకైనా మంచిదని తడిగుడ్డ, నీళ్ల బాటిలు పక్క సీట్లోనే పెట్టుకున్నాను, ఆ గుడ్డ ఎండిపోయి ఇప్పటికీ అక్కడే ఉంది.