టీనేజ్ నవల రాయాలా? హింటన్ ఎలా రాసిందో చూడండి

టీనేజ్ పిల్లల కోసం నవల రాద్దామని కూర్చుని మొదటి చాప్టర్ దగ్గరే ఆగిపోయినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఎస్.ఇ. హింటన్ ఎలా రాసిందో చూడండి. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, టల్సా అమ్మాయి, 1948లో పుట్టింది, పదిహేనేళ్ళకి మొదలుపెట్టి హైస్కూల్లో ఉండగానే ‘ది అవుట్‌సైడర్స్’ రాసేసింది, 1967లో వైకింగ్ అనే పబ్లిషర్ వాళ్ళు వేసేటప్పటికి ఆమెకి 18. అసలు జోకేంటంటే అది రాస్తున్న ఏడాదే క్రియేటివ్ రైటింగ్ క్లాసులో డి గ్రేడ్ వచ్చిందట, కాబట్టి మార్కుల గొడవ వదిలేయండి.

ముందు దేని గురించి రాయాలి అంటారా. అప్పట్లో ఆ వయసు వాళ్ళకని వచ్చే పుస్తకాల్లో ఎక్కువగా స్కూల్ డాన్సులు, ప్రేమలే, ఈమె చుట్టూ చూస్తేనేమో గ్రీజర్లనే పేద కుర్రాళ్ళు, సోష్‌లనే డబ్బున్న కుర్రాళ్ళు కొట్టుకుచస్తున్నారు, ఒకరోజు తన ఫ్రెండ్ ఇంటికి నడిచొస్తుంటే పట్టుకుని చితకబాదారు, ఆ కోపంలో కూర్చుని రాసింది. మీకూ హాస్టల్లోనో ట్యూషన్ బయట బైకుల దగ్గరో చూసి ఇంట్లో చెప్పనిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అక్కణ్ణుంచి మొదలెట్టండి.

కథ ఎవరు చెప్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ఆ నవలంతా పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు "నేను" అంటూ చెప్తాడు, అమ్మానాన్న కథ మొదలవ్వకముందే కారు యాక్సిడెంట్లో పోయారు, ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములే. ఇది పెద్ద కిటుకు అండీ, పెద్దవాళ్ళు పక్కనే ఉంటే ప్రతి సమస్యా వాళ్ళే తీర్చేస్తారు, పిల్లలు నిర్ణయం తీసుకునే అవసరమే రాదు. చంపక్కర్లేదు లెండి, నైట్ డ్యూటీకి పంపినా చాలు. మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు చివర్లో ఒక మాస్టారినో తాతయ్యనో పట్టుకొచ్చి నీతి చెప్పించడం, పదహారేళ్ళ పిల్లాడు సరిగ్గా అక్కడే పుస్తకం మూసేస్తాడు.

పేరు సంగతి. ఆమె అసలు పేరు సూసన్ ఎలోయిజ్, అబ్బాయిల గొడవల గురించి అమ్మాయి రాసిందంటే రివ్యూ రాసే మగాళ్ళు చులకనగా చూస్తారని ఇనిషియల్సే వేశారు. మీరూ కలం పేరు పెట్టుకునేట్టయితే మొదటి పుస్తకానికే పెట్టుకోండి, మధ్యలో మారిస్తే చదివేవాళ్ళు వెతుక్కోలేరు.

ఇక అసలు కష్టం రెండో పుస్తకం. మొదటిది హిట్టయ్యాక ఆమెకి కొన్నేళ్ళు పెన్ను కదల్లేదు, చివరికి బాయ్‌ఫ్రెండ్ (తర్వాత ఆయన్నే పెళ్ళి చేసుకుంది) ఒక రూల్ పెట్టాడు, రోజుకి రెండు పేజీలు రాస్తేనే బయటికెళ్ళేది అని. అలా పూర్తయిన నవల 1971లో వచ్చింది. రెండే పేజీలు, కానీ రోజూ, నాకు తెలిసి ఇంతకంటే పనికొచ్చే సలహా లేదు.

డబ్బు గురించి ఒక్కమాట, పబ్లిషర్ ఇచ్చే అడ్వాన్స్ బోనస్ కాదు, మీ రాయల్టీలోంచే (అమ్ముడైన కాపీకి ఇంత అని మీకొచ్చే వాటా) ముందు ఇస్తారు, అమ్మకాల్లో అది తీరాకే తర్వాతి పైసా.

పుస్తకం వచ్చాక కాపీలు ఎక్కడ ఇవ్వాలంటే, స్కూళ్ళలో. కాలిఫోర్నియాలో ఒక స్కూల్ లైబ్రేరియన్, పిల్లలు కలిసి డైరెక్టర్ కొప్పోలాకి ‘ది అవుట్‌సైడర్స్’ని సినిమా తీయమని ఉత్తరం రాశారు, 1983లో ఆయన నిజంగానే తీశాడు. కాకపోతే ఇచ్చేముందు చూసుకోండి, మన దగ్గర చాలా స్కూళ్ళలో లైబ్రరీ అంటే తాళం వేసిన బీరువానే.