ఆయుర్వేదిక్ టీ డబ్బా కొనే ముందు మీ పోపుల పెట్టె తెరవండి

హైదరాబాద్‌లో నవంబర్ చలి మొదలైందంటే పొద్దున్నే గొంతు గరగర కూడా మొదలైనట్టే, మా ఇంట్లో అయితే చాయ్ కన్నా ముందు కషాయం గిన్నె స్టవ్ ఎక్కుతుంది. ఈ మధ్య తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, సూపర్‌మార్కెట్‌లో ఆయుర్వేదిక్ టీ అని అన్ని డబ్బాలున్నాయి కదా ఏది కొనాలి అని. ఇప్పుడే ఏదీ కొనకండి. ఇంట్లో ఉన్నవాటితో మొదలుపెట్టండి, అది కూడా ఒక్కొక్కటే.

ఒక్కొక్కటే అని ఎందుకంటున్నానంటే, నేను మొదట్లో పన్నెండు రకాలు కలిపిన పొడి ఒకటి తెచ్చి రెండు స్పూన్లు వేసి మరిగించాను, నోట్లో చేదు, కడుపులో మంట, ఆ పన్నెండిట్లో నాకు పడనిది ఏదో మాత్రం అర్థం కాలేదు. తర్వాత వారం రోజులు రోజుకొకటి చొప్పున తాగి చూశాను. ఒకరోజు శొంఠి, ఒకరోజు సోంపు, ఒకరోజు యాలకులు, ఇలా. అప్పుడే తెలిసింది శొంఠి ఘాటు పచ్చి అల్లం ఘాటు ఒకటి కాదని. అల్లం ఎండేటప్పుడు అందులో ఘాటునిచ్చే జింజరాల్ అనే పదార్థం కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు, అందుకే శొంఠి తక్కువ వేయాలి.

ఇక కాచడం. ఇది ఒక్కటి సరిగ్గా వస్తే మిగతాదంతా ఈజీ. గట్టివి మరగాలి, మెత్తవి నానాలి. శొంఠి, దాల్చిన చెక్క, మిరియాలు, అతిమధురం లాంటివి ఇమాందస్తాలో కచ్చాపచ్చాగా దంచి నీళ్ళలో వేసి సిమ్‌లో మరిగించాలి. తులసి, పుదీనా, నిమ్మగడ్డి లాంటి ఆకులు మాత్రం మరిగిస్తే వాసనంతా ఆవిరిలో పోతుంది, స్టవ్ ఆపేశాక వేసి మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. పాత ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహితలో కూడా ఇవి రెండు వేరు వేరు పద్ధతులే, మరిగించేది క్వాథం, వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టేది ఫాంటం. అక్కడ క్వాథానికి ఒక వంతు మందుకి 16 వంతుల నీళ్ళు పోసి 8వ వంతు మిగిలేదాకా కాచమంటారు, అది మందు లెక్క, రోజూ టీలా తాగడానికి అంత చిక్కగా అక్కర్లేదు. నేను గ్లాసున్నర నీళ్ళు పోసి గ్లాసు అయ్యేదాకా కాస్తాను, అంతే.

చలికాలానికి నాకు బాగా కుదిరింది ఇది: అర అంగుళం శొంఠి ముక్క, నాలుగు మిరియాలు, ఒక చిన్న దాల్చిన చెక్క ముక్క దంచి మరిగించి, దించాక పది తులసి ఆకులు. 2020లో కరోనా టైమ్‌లో ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పిన ఆయుష్ క్వాథ్‌లో కూడా ఈ నాలుగే, ఎండు తులసి 4 భాగాలు, దాల్చిన చెక్క 2, శొంఠి 2, మిరియాలు 1, ఆ పొడి 3 గ్రాములకి 150 మి.లీ. వేడినీళ్ళు. శొంఠి, మిరియాలతో పాటు పిప్పళ్ళు కూడా కలిస్తే అదే త్రికటు, ఘాటు అలవాటు లేనివాళ్ళు దాని జోలికి వెంటనే వెళ్ళకండి.

తీపికి బెల్లం లేదా పటిక బెల్లం. తేనె అయితే గోరువెచ్చగా అయ్యాకే కలపండి, తేనెని వేడి చేయకూడదనేది ఆయుర్వేదంలో గట్టి నియమం.

భోజనం హెవీ అయిన రోజు, ముఖ్యంగా బిర్యానీ తిన్న రాత్రి, జీలకర్ర ధనియాలు సోంపు తలా అర స్పూన్ వేసి కాచుకోండి, చాలా హాయిగా ఉంటుంది.

కొనడానికి నేను బేగంబజార్ వెళ్తాను, అక్కడ చేత్తో పట్టుకుని వాసన చూసి తీసుకోవచ్చు, అది ప్యాకెట్‌లో కుదరదు కదా. దాల్చిన చెక్క దగ్గర జాగ్రత్త. మందంగా, గట్టిగా ఉండేది కాసియా, కాగితం పొరలు చుట్టినట్టు పల్చగా ఉండి వేళ్ళతో నలిపితే విరిగేది సిలోన్ రకం. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ ఎక్కువెక్కువగా తాగితే లివర్‌కి మంచిది కాదు, అందుకే రోజూ తాగేవాళ్ళు ధర ఎక్కువైనా సిలోన్‌దే తీసుకోండి. ఏదైనా 50 గ్రాములు చాలు, పొడి కొట్టించకండి, పొడి చేస్తే వాసన త్వరగా పోతుంది, ఏ రోజుది ఆ రోజు దంచుకోవడమే నయం.

అతిమధురం గొంతుకి చాలా బాగుంటుంది, నాకు చాలా ఇష్టం కూడా, కానీ అందులోని గ్లిసిరైజిన్ అనే పదార్థం బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది, బీపీ ఉన్న అత్తయ్యకో మామయ్యకో మంచిదే కదా అని రోజూ ఇవ్వకండి ప్లీజ్. గర్భంతో ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. ఎర్రగడ్డలో గవర్నమెంట్ ఆయుర్వేద హాస్పిటల్ ఉంది, అనుమానం ఉంటే అక్కడికి వెళ్ళి అడగండి. ఏడాది లోపు పిల్లలకి తేనె అసలే వద్దు. జ్వరం, దగ్గు తగ్గకుండా ఉంటే కషాయంతో రోజులు నెట్టకండి.

మన మార్చి ఎండలు మొదలయ్యాక ఈ శొంఠి మిరియాలు పక్కన పెట్టేయాలి, కడుపులో మంట వస్తుంది. అప్పుడు నేను రాత్రి ఒక స్పూన్ ధనియాలు దంచి గ్లాసు చన్నీళ్ళలో నానబెట్టి, పొద్దున వడకట్టి పటిక బెల్లం వేసుకుని తాగుతాను. ఇలా చన్నీళ్ళలో నానబెట్టేదాన్ని హిమం అంటారు, స్టవ్ వెలిగించే పని కూడా లేదు.