టీమ్ లీడ్ పోస్టుకి అప్లై చేయాలి, కానీ మీ కింద ఎవరూ పనిచేయలేదా?

ఆ ఒక్క కారణంతో ఆగిపోకండి. కాగితం మీద మీకు ఎవరూ రిపోర్ట్ చేయకపోయినా, నలుగురిని కలుపుకుని పని నడిపిన సందర్భాలు ఉండే ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పారా? మేనేజర్ సెలవులో ఉన్నప్పుడు మీటింగులు మీరే నడిపారా? వేరే టీమ్‌తో పేచీ వస్తే కూర్చుని తేల్చారా? అలాంటివి మూడు రాసుకోండి.

రెజ్యూమేలో "నాయకత్వ లక్షణాలు ఉన్నాయి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు (నేనూ ఒకప్పుడు అలాగే రాశాను!). "ఇద్దరు కొత్తవాళ్లకి 6 వారాలు పని నేర్పాను, తర్వాత క్లయింట్ కాల్స్ వాళ్లే చూసుకున్నారు" అంటే చదివేవాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది. అంకెలు మాత్రం నిజమైనవే వేయండి, ఇంటర్వ్యూలో తవ్వుతారు.

అప్రైజల్స్, రిక్రూట్‌మెంట్ చేశారా అని అడిగితే చేయలేదని సూటిగా చెప్పేయండి. బుకాయిస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. చెప్పి ఊరుకోకుండా, పని సరిగ్గా చేయని సహోద్యోగితో విడిగా మాట్లాడిన సందర్భం ఒకటి చెప్పండి. ఏం అన్నారు, తర్వాత ఏం మారింది అన్నదాకా. వాళ్లు వినాలనుకునేది అదే.

ఇంకా టైమ్ ఉంటే, ఈసారి వచ్చే ఇంటర్న్‌ని మీకు అప్పగించమని ఇప్పటి మేనేజర్‌ని అడిగి చూడండి.