మీటర్‌లో ఆక్సిజన్ ఉంది, గుంటలో రొయ్య తేలుతోంది

తెల్లవారుజామున నాలుగింటికి డీవో మీటర్ (నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) లీటరుకు 4.5 మిల్లీగ్రాములు చూపిస్తుంది. రొయ్యలేమో ఆక్సిజన్ చాలనట్టు గట్టు వెంబడి పైకొచ్చి తిరుగుతుంటాయి. మీటర్ పోయిందా, కొత్తది కొనాలా అని ఫోన్లు వస్తాయి. నేను అడిగేది ఒక్కటే: మీటర్‌లో సాలినిటీ, అంటే నీటి ఉప్పదనం, ఎంత పెట్టారు? చాలామందికి అలాంటి సెట్టింగ్ ఉందన్న సంగతే గుర్తుండదు.

ప్రోబ్ (మీటర్‌కు నీటిలో దించే కొన) అడుగుదాకా దించారా, దాని మెంబ్రేన్ పొర మీద పాచి, లోపల బుడగ లేకుండా చూశారా, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయా అన్నవి మీకు తెలిసినవే. అవి సరిగ్గా ఉంటేనే కింది మాట.

నీటి అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టుకుంటాయి. అందుకే నీరు మరగడానికి 100 డిగ్రీలు కావాలి. ఆక్సిజన్ అణువుల మధ్య పట్టు చాలా బలహీనం, అది మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. నీటితోనూ దానికి అంత బలమైన పట్టు లేదు. నీరు వేడెక్కితే ఆక్సిజన్ జారిపోతుంది. ఉప్పు పెరిగినా అంతే: సోడియం, క్లోరైడ్ అయాన్లు నీటి అణువులను తమ చుట్టూ కట్టేసుకుంటాయి, ఆక్సిజన్‌కు చోటు తగ్గిపోతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 పీపీటీ (వెయ్యి పాళ్లకు 30 పాళ్ల ఉప్పు) ఉప్పునీరు పట్టుకునేది సుమారు 6.4 మాత్రమే.

ప్రోబ్ నేరుగా మిల్లీగ్రాములు కొలవదు. ఆక్సిజన్ ఒత్తిడిని పసిగడుతుంది. దాన్ని మిల్లీగ్రాముల్లోకి మార్చేది మీటర్, అదీ మీరిచ్చిన సాలినిటీ అంకెను నమ్మి. అక్కడ సున్నా ఉంటే ఉప్పునీటిని మంచినీరనుకుని లెక్క కడుతుంది. 30 పీపీటీ గుంటలో అది 4.5 అంటే నిజంగా ఉన్నది 3.8. వనామీ రొయ్యకు 4 కిందికి దిగకూడదు కదా.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. నెల్లూరు జిల్లా విడవలూరు వైపు ఒక గుంటకు వెళ్లి, మీటర్‌ను గాలిలో క్యాలిబ్రేట్ చేశాను, అంటే సరిచూశాను. గాలిలో చూపాల్సిన నూరు శాతం సరిగ్గా వచ్చింది. మీటర్ బాగానే ఉంది, మేత ఆపక్కర్లేదని చెప్పి వచ్చేశాను. రెండో రోజు మేత చూసుకునే చెక్ ట్రేల్లో చచ్చిన రొయ్యలు. మీటర్ చూపే ఆక్సిజన్ శాతం మీద సాలినిటీ ప్రభావం ఉండదు, మిల్లీగ్రాముల మీదే ఉంటుంది. క్యాలిబ్రేషన్ ఎన్నిసార్లు చేసినా ఈ తప్పు బయటపడదు. ఆ మీటర్‌లో నవంబరు వానల్లో పెట్టిన 5 అలాగే ఉంది. మే నెలకల్లా ఎండలకు ఉప్పు పెరిగి, గుంట 30 దాటింది. ఆ రైతు ముఖం నాకింకా గుర్తుంది.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మంచినీళ్లతో కడిగి, సున్నా సరిచూసి, గుంట నీటి ఉప్పు కొలవండి. ఆ అంకె మీటర్‌లో పెట్టి మళ్లీ చూడండి. వేసవిలో వారానికోసారి, పెద్ద వాన పడ్డాక వెంటనే ఈ పని చేయాలి. సాలినిటీ సెట్టింగే లేని మీటరైతే, దాని అంకెను 15 పీపీటీకి 0.92తో, 30 పీపీటీకి 0.85తో గుణించండి. నమ్మకం కుదరకపోతే ఆక్సిజన్ కొలిచే సీసా కిట్‌తో సరిపోల్చండి. సరిచేసిన అంకె 4 లోపు ఉంటే మేత ఆపి, ఏరియేటర్లన్నీ వేయండి.

ఎత్తు, గాలి ఒత్తిడి మన తీరంలో పట్టించుకోనక్కర్లేదు. అడుగు మట్టి కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, దాని దారి వేరు. అంకె సరిచేశాక కూడా ఆక్సిజన్ 5 పైన ఉండి రొయ్య తేలుతుంటే, మొప్పలు చూపించడానికి బతికున్న రొయ్యలు నాలుగు ల్యాబ్‌కు తీసుకెళ్లండి.