ఫిల్టర్ జగ్గు వాడుతున్నారా?

కొత్త కార్ట్రిడ్జ్‌ను (నీళ్లు వడకట్టే బొగ్గు డబ్బీని) తీసి నేరుగా జగ్గులో పెట్టేయకండి. ముందు చల్లటి నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా మెల్లగా కదపండి. లోపల గాలి ఉండిపోతే నీళ్లు చుక్క చుక్కగా దిగుతాయి, ఒక్కోసారి అసలు దిగవు. మొదటి రెండు జగ్గుల నీళ్లు మొక్కలకు పోసేయండి. వాటిలో కనిపించే నల్లటి నలుసులు బొగ్గు పొడి, భయపడక్కర్లేదు.

నీళ్లు మరీ వేగంగా దిగుతుంటే కార్ట్రిడ్జ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. పక్క సందులోంచి వడకట్టకుండానే జారిపోతున్నాయి. తీసి మళ్లీ గట్టిగా నొక్కండి. వేడి నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయొద్దు.

అన్నిటికంటే ముఖ్యం: మామూలు జగ్గు క్లోరిన్ వాసన, రుచి తగ్గిస్తుంది కానీ సూక్ష్మజీవులను చంపదు. పైగా క్లోరిన్ పోయిన నీళ్లలో అవి తేలిగ్గా పెరుగుతాయి. అందుకే ఫ్రిజ్‌లో పెట్టి, ఒకట్రెండు రోజుల్లో తాగేయండి. వారానికోసారి జగ్గును సబ్బుతో కడగండి, కార్ట్రిడ్జ్‌కు సబ్బు తగలనీయకండి. కుళాయి నీళ్ల మీద అనుమానముంటే కాచి, పూర్తిగా చల్లార్చాకే పోయండి.

నల్గొండ వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్‌కు ఈ జగ్గును నమ్ముకోవద్దు. దానికి ఆర్‌ఓ లాంటి ఫిల్టర్ కావాలి. కాచినా ఫ్లోరైడ్ పోదు.

కార్ట్రిడ్జ్ పెట్టిన తేదీని జగ్గు మూత మీద రాసుకోండి. ఆయుష్షు రకాన్ని బట్టి మారుతుంది, కొన్నిటికి సుమారు 4 వారాలే.