నానోట్యూబుల వర్ణపటం చదవడం – నాలుగో పాఠం: శిఖరం జరిగిందా, తరిగిందా?

కార్బన్ నానోట్యూబంటే షడ్భుజుల కార్బన్ రేకును చుట్టగా వచ్చే అతి సన్నని గొట్టం. రేకును ఎటు చుట్టారో (6,5) వంటి రెండు అంకెలు చెబుతాయి. కిందటి పాఠంలో ఇచ్చిన, వ్యాసం కనుక్కునే లెక్కతో మొదలుపెడదాం. (6,5) గొట్టానికి 6×6, 6×5, 5×5, అంటే 36, 30, 25 కలిపితే 91. దాని వర్గమూలం 9.54. దాన్ని రేకు జాలకపు కొలత అయిన 0.246 నానోమీటర్లతో గుణించి 3.1416తో భాగిస్తే వ్యాసం 0.75 నానోమీటరు అని తేలుతుంది. ఆరులోంచి ఐదు తీసేయగా మిగిలిన ఒకటి మూడుతో భాగింపబడదు కాబట్టి ఈ గొట్టం అర్ధవాహకం. గుంటూరు బ్రాడీపేటలో జిరాక్సు తీయించుకున్న షడ్భుజుల కాగితాన్ని చుట్టి అంచులు కలిపి చూసినవారికి ఈ లెక్క వేళ్లకే తెలిసి ఉంటుంది.

ఈ గొట్టం నీటిలో సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) సాయంతో విడివిడిగా తేలుతున్నప్పుడు దాని శోషణ వర్ణపటంలో రెండు ముఖ్యమైన శిఖరాలు కనిపిస్తాయి. సమీప పరారుణ ప్రాంతంలో దాదాపు 985 నానోమీటర్ల వద్ద ఉండేది మొదటి పరివర్తన (కాంతిని పీల్చి ఎలక్ట్రాన్ ఎక్కువ శక్తిస్థాయికి దూకడం), 570 దగ్గర ఉండేది రెండవది. 1240ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది కనుక మొదటి దాని శక్తి సుమారు 1.26. గొట్టం పొడవునా π (పై) ఎలక్ట్రాన్లు అడ్డు లేకుండా పరచుకుని ఉండటం వల్లనే ఈ శిఖరాలు అంత సన్నగా, పదునుగా వస్తాయి.

ఇప్పుడు గొట్టం గోడకు ఒక ప్రమేయ సమూహాన్ని తగిలిద్దాం. ఇంటర్ రెండో సంవత్సరంలో మీరు చదివిన డైఅజోనియం లవణమే ఇక్కడా పనికి వస్తుంది. రైస్ విశ్వవిద్యాలయంలో 2001లో ఈ లవణాలతో నానోట్యూబుల గోడలకు ఆరైల్ (బెంజీన్ వలయపు) సమూహాలను బంధించారు. లోహ స్వభావం గల గొట్టాలే ముందుగా చర్య జరుపుతాయని 2003లో చూపారు, ఎందుకంటే వాటిలో ఎలక్ట్రాన్లు సులభంగా ఇవ్వడానికి సిద్ధంగా ఉంటాయి. సమయోజనీయ బంధం ఏర్పడిన ప్రతి చోటా ఒక కార్బన్ పరమాణువు ఎస్‌పీ2 (మూడు పరమాణువులతో బంధం) నుంచి ఎస్‌పీ3 (నాలుగింటితో బంధం)కి మారి, తన π ఎలక్ట్రాన్‌ను ఉమ్మడి సొత్తులోంచి తీసేసుకుంటుంది. అలాంటి చోట్లు పెరిగేకొద్దీ శిఖరాలన్నీ ఉన్న చోటనే కుంగిపోతాయి. అంటే శిఖరం తరుగుతుందే కాని పెద్దగా జరగదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కిందటి నెల విజయవాడ నుంచి ఒక విద్యార్థిని రెండు గ్రాఫులు బటర్ పేపర్ మీద గీసి తెచ్చారు. రెంటినీ ఒకదానిపై ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాం. చర్యకు ముందు 985 వద్ద నిటారుగా ఉన్న శిఖరం, చర్య తర్వాత పొట్టిగా, వెడల్పుగా మారి 1005కు చేరింది. సమూహాలు బాగా అతికాయని ఆమె సంతోషించారు. కానీ 1.26 నుంచి 1.23కు శక్తి తగ్గడం, శిఖరం వెడల్పవడం గొట్టాలు కట్టలు కట్టినప్పుడు కనిపించే లక్షణాలు. ఏం కలిపారని అడిగితే, చర్య ముగిశాక ద్రావణాన్ని మామూలు స్వేదనజలంతో పదింతలు పలచన చేశానని చెప్పారు. ఆమె వాడినది ఒక శాతం సోడియం డోడెసైల్ సల్ఫేట్. లీటరుకు 10 గ్రాములను అణుభారం 288తో భాగిస్తే 35 మిల్లీమోలార్, పదింతలు పలచనైతే 3.5. మిసెల్ (సర్ఫాక్టెంట్ అణువుల గుంపు) ఏర్పడటానికి నీటిలో దాదాపు 8 మిల్లీమోలార్ కావాలి. ఆ హద్దు దిగువకు జారగానే సర్ఫాక్టెంట్ పట్టు సడలి, గొట్టాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. కాబట్టి పలచన చేయవలసి వస్తే ఎప్పుడూ అదే గాఢత గల సర్ఫాక్టెంట్ ద్రావణంతోనే చేయండి. ఈ ఒక్క జాగ్రత్త నెలల శ్రమను కాపాడుతుంది.

తరిగిన ప్రతి శిఖరమూ బంధానికి సాక్ష్యం కాదు. ద్రావణం ఆమ్లమైనా, గాలిలోని ఆక్సిజన్ తోడై గొట్టం నుంచి ఎలక్ట్రాన్లు లాగేస్తుంది. అప్పుడు మొదటి పరివర్తన శిఖరం బాగా కుంగుతుంది, రెండవది అంతగా చలించదు. కొద్దిగా క్షారం కలిపి పీహెచ్ పెంచితే పోయిన శిఖరం తిరిగి వస్తుంది. సమయోజనీయ బంధం ఇలా క్షారానికి లొంగదు. ఆరైల్ సమూహాలను వదిలించాలంటే ఆర్గాన్ వాయువులో కొన్ని వందల డిగ్రీల దాకా వేడి చేయాలి.

సందేహం మిగిలితే రామన్ వర్ణపటం (లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి బంధాల కంపనాలను చూపేది) తీయించాలి. 1590 సెం.మీ⁻¹ దగ్గరి జీ పట్టీ చెక్కుచెదరని షడ్భుజుల జాలకానిది, 1350 దగ్గరి డీ పట్టీ లోపాలది. డీ ఎత్తును జీ ఎత్తుతో భాగించినప్పుడు వచ్చే నిష్పత్తి చర్య తర్వాత పెరిగితేనే గోడకు నిజంగా ఏదో అతికిందని రాయండి. రెండు కొలతలకూ ఒకే లేజర్ వాడాలి.

ఒక్క విషయం మాత్రం మరచిపోవద్దు. సమూహాలు మరీ తక్కువగా, అక్కడొకటి ఇక్కడొకటి అతికితే శోషణలో మార్పు దాదాపు కనబడదు, కానీ (6,5) గొట్టం ప్రతిదీప్తిలో (పీల్చిన కాంతిని తిరిగి వెలువరించడంలో) 1130 నానోమీటర్ల పరిసరాల్లో కొత్త శిఖరం పుడుతుంది. గొట్టం వెంట పరుగెత్తే ఎక్సైటాన్ (దూకిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ కలిసిన జంట) ఆ ఎస్‌పీ3 చోట చిక్కుకుని కాంతినిస్తుంది. లోపం వెలుగుకు కారణమవడం ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. దీనికి ఒక పాఠం పూర్తిగా కేటాయిస్తాను.

అభ్యాసానికి రెండు నమూనాలు ఇస్తున్నాను. అంకెలు సాధన కోసం వేసినవి, బేస్‌లైన్ (శిఖరాల కింది నేపథ్య శోషణ) తీసేసినవి. రెంటికీ మొదట 985 వద్ద శోషణ 0.40, 570 వద్ద 0.16, డీ–జీ నిష్పత్తి 0.05. చర్య తర్వాత మొదటి నమూనాలో ఇవి వరుసగా 0.10, 0.13, 0.05. రెండో నమూనాలో 0.22, 0.09, 0.31. శిఖరాల స్థానం రెంటిలోనూ మారలేదు. ఏ నమూనాలో ఏం జరిగిందో, మొదటి దానికి క్షారం కలిపితే ఏ అంకె ఎటు కదులుతుందో మీ నోటుపుస్తకంలో కారణాలతో రాసి ఉంచండి. వచ్చే పాఠాన్ని ఆ జవాబులతో ప్రారంభిస్తాను.