టైటానిక్ మీద వచ్చిన పాత సినిమాలను చరిత్రతో సరిచూసుకోవడం ఎలా

టైటానిక్ ఓడ 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండకు తగిలి, 2 గంటల 40 నిమిషాల తరువాత, అంటే 15వ తేదీ తెల్లవారుజామున 2:20కి మునిగిపోయింది. అది జరిగిన నెల రోజులకే దాని మీద సినిమా విడుదలైంది. ఆ ఓడలో ప్రయాణించి ప్రాణాలతో బయటపడ్డ నటి డొరొతీ గిబ్సనే అందులో కథానాయిక. ఆ సినిమా ప్రతులేవీ ఇప్పుడు మిగలలేదు గాని, తరువాతి కాలంలో వచ్చినవాటిలో కొన్ని ఇప్పటికీ చూడడానికి దొరుకుతున్నాయి. వాటిని చూసినవారికి సహజంగా కలిగే సందేహం ‘ఇందులో నిజం ఎంత?’ అన్నది. దానికి ఇంత పాలు నిజం, ఇంత పాలు కల్పన అని లెక్కగట్టి జవాబు చెప్పడం కుదరదు. తీసిన నాటికి ఎవరికీ తెలియకపోవడం వల్ల వచ్చిన తప్పు వేరు, తెలిసి కూడా కథ కోసం మార్చినది వేరు, అజాగ్రత్త వల్ల దొర్లినది వేరు, ఒకరి మీద నింద మోపడానికి కావాలని అల్లినది వేరు. ఈ నాలుగింటినీ విడదీసి చూడగలగడమే ఈ పనిలో అసలు మెళకువ.

పరిశీలనకు మూడు సినిమాలు చాలు. మొదటిది 1943లో నాజీ జర్మనీలో తయారైన ‘టైటానిక్’, రెండవది 1953లో హాలీవుడ్‌లో జాన్ నెగులెస్కో దర్శకత్వంలో అదే పేరుతో వచ్చినది, మూడవది 1958లో బ్రిటన్‌లో రాయ్ వార్డ్ బేకర్ తీసిన ‘ఎ నైట్ టు రిమెంబర్’. 1929 నాటి ‘అట్లాంటిక్’ను కూడా చేర్చుకోవచ్చు గాని, ఓడ యజమానులైన వైట్ స్టార్ సంస్థ అభ్యంతరం చెప్పడంతో అది టైటానిక్ పేరునే వదిలేసింది కాబట్టి దానిని ఈ కొలతతో కొలవడం అంత న్యాయం కాదు.

సినిమా పెట్టుకునే ముందు దేనితో పోల్చాలో నిర్ణయించుకోవాలి. మరొక సినిమాతోనో, చిన్నప్పటి నుంచి విన్న కథలతోనో పోల్చడం వల్ల ఒక కల్పనను మరొక కల్పనతో తూచినట్లవుతుంది. ప్రమాదం మీద 1912లోనే రెండు విచారణలు జరిగాయి. సెనేటర్ విలియం ఆల్డెన్ స్మిత్ అధ్యక్షతన అమెరికా సెనేట్ ఉపసంఘం ఏప్రిల్ 19నే, అంటే బతికినవారిని తీసుకుని కార్పేథియా ఓడ న్యూయార్క్ చేరిన మర్నాడే, సాక్షులను ప్రశ్నించడం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో లార్డ్ మెర్సీ ఆధ్వర్యంలో మే 2న మొదలైన విచారణ దాదాపు 100 మంది సాక్షులను 25,000కు పైగా ప్రశ్నలు అడిగింది. బ్రిటిష్ విచారణలో ప్రతి ప్రశ్నకూ ఒక సంఖ్య ఉంటుంది కాబట్టి, ఒక సన్నివేశానికి సంబంధించిన వాంగ్మూలం ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం తేలిక. రెండు రికార్డులూ అచ్చులోనే కాక ఇంటర్నెట్‌లో కూడా చదువుకోవడానికి దొరుకుతాయి. అయితే విచారణలో చెప్పినదంతా వేదవాక్కు కాదు. కొలువు కాపాడుకోవలసిన అధికారులూ, చీకట్లో దూరం నుంచి చూసిన ప్రయాణికులూ అక్కడ మాట్లాడారన్న సంగతి మనసులో ఉంచుకోవాలి.

తరువాత ఒక పట్టిక గీసుకోవాలి. ఒక గడిలో సన్నివేశం, పక్క గడిలో రికార్డులో ఉన్నది, మూడో గడిలో ఆ విషయం లోకానికి ఎప్పుడు తెలిసిందో ఆ సంవత్సరం రాయాలి. చాలామంది వదిలేసేది ఈ మూడో గడినే, తీర్పును తారుమారు చేసేదీ అదే.

దీనికి అన్నింటికంటే మంచి ఉదాహరణ ఓడ విరగడం. పైన చెప్పిన మూడు సినిమాల్లోనూ ఓడ విరగకుండా ఒకే ముక్కగా నీటిలోకి జారిపోతుంది. 1985 సెప్టెంబర్ 1న రాబర్ట్ బల్లార్డ్, జాన్ లూయీ మిషెల్‌ల బృందం సుమారు 3,800 మీటర్ల లోతున శిథిలాలను కనుగొన్నప్పుడు, ముందు భాగం, వెనుక భాగం ఒకదానికొకటి దూరంగా పడి ఉన్నాయని తేలింది. కాబట్టి 1958లో తీసినవారిని తప్పు పట్టలేమని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఇక్కడే రికార్డు మళ్లీ తెరవాలి. ఓడ రెండుగా విరగడం కళ్లారా చూశామని 1912లోనే చెప్పినవారు ఒకరిద్దరు కాదు; అప్పటికి 17 ఏళ్ల యువకుడైన జాక్ థేయర్ వారిలో ఒకరు. విరగలేదని గట్టిగా చెప్పినవారిలో బతికిన అధికారులందరిలోకీ పెద్దవాడైన రెండవ అధికారి చార్లెస్ లైటోలర్ ఉన్నారు, బ్రిటిష్ విచారణ ఆయన మాటవైపే మొగ్గింది. అందువల్ల సినిమాలు చేసినది తెలియక చేసిన తప్పు అనడం కంటే, రెండు రకాల సాక్ష్యాల్లో హోదా ఉన్నవారి సాక్ష్యాన్ని తీసుకోవడం అనడం సరిగ్గా ఉంటుంది. మూడో గడిలో ‘1985’ అని మాత్రమే రాస్తే సగమే రాసినట్లు. ‘1912లో వివాదం, 1985లో నిర్ధారణ’ అని రాయాలి.

ఓడకు పడిన చిల్లు విషయం కూడా ఇటువంటిదే. మంచుకొండ ఓడ పక్కను దాదాపు 300 అడుగుల పొడవున చీల్చేసిందని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు, పాత సినిమాలు కూడా ఆ ఊహకు తగ్గట్టే దృశ్యాలు చూపించాయి. నిజానికి ఓడను కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ సంస్థకు చెందిన ఎడ్వర్డ్ వైల్డింగ్, నీరు లోపలికి వచ్చిన వేగాన్ని బట్టి లెక్కవేసి, రంధ్రాలన్నీ కలిపినా 12 చదరపు అడుగులకు మించవని 1912 విచారణలోనే చెప్పారు. రేకుల అతుకులు విడిపోయి ఏర్పడిన సన్నని సందులే తప్ప ఒకే పెద్ద చీలిక లేదని 1990లలో జరిగిన పరీక్షలు ఆయన లెక్కనే బలపరిచాయి. ఒక ఇంజనీరు కాగితం మీద వేసిన లెక్క కంటే చీలిక అనే మాటకు ప్రచారం ఎక్కువ దక్కడంలో ఆశ్చర్యమేమీ లేదు.

నిపుణుడి సలహాతో తీశారు కాబట్టి సినిమా సరిగ్గానే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 1958 సినిమాకు టైటానిక్ నాలుగవ అధికారిగా పనిచేసిన జోసెఫ్ బాక్స్‌హాల్ స్వయంగా సలహాదారు. ఆ రాత్రి సహాయం కోరుతూ పంపిన వైర్‌లెస్ సందేశాల్లోని స్థానం, అంటే ఉత్తర అక్షాంశం 41°46′, పశ్చిమ రేఖాంశం 50°14′ అన్నది ఆయన కట్టిన లెక్కే. శిథిలాలు దొరికిన చోటు దానికి సుమారు 13 నాటికల్ మైళ్లు తూర్పున ఉంది. సినిమాలో ఎవరైనా ఆ అంకెలను పలికితే తప్పని రాయకూడదు. ఆ రాత్రి పంపిన సందేశం అదే కాబట్టి సన్నివేశం నిజమే, అందులోని సమాచారమే తప్పు.

ఇలా తప్పులా కనిపించినా తప్పు కానివి మరికొన్ని ఉన్నాయి. మంచుకొండ కనబడగానే మొదటి అధికారి విలియం మర్డాక్ ‘హార్డ్ ఎ స్టార్‌బోర్డ్’ అని ఆజ్ఞ ఇస్తే ఓడ ఎడమవైపు తిరుగుతుంది. స్టార్‌బోర్డ్ అంటే కుడి గనుక ఇది దర్శకుడి పొరపాటని ప్రేక్షకులు అనుకుంటారు. 1930ల దాకా బ్రిటిష్ ఓడల్లో ఆజ్ఞను ఓడ తిరగవలసిన దిక్కును బట్టి కాక, పాతకాలపు చుక్కాని పిడిని నెట్టవలసిన దిక్కును బట్టి ఇచ్చేవారు కాబట్టి ఆ ఆజ్ఞ సరైనదే. మృతుల సంఖ్య కూడా అంతే: అమెరికా నివేదిక 1,517 అంది, బ్రిటిష్ నివేదిక 1,490 అంది. పాత్రలు ఈ రెండింటిలో దేన్ని చెప్పినా అంగీకరించాలి. చంద్రుడు లేని రాత్రి అయినా తెర మీద ముఖాలు కనిపించేంత వెలుతురు ఉండడాన్ని లెక్కించనక్కరలేదు. అక్కడ ఆగి వాదించడం కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే.

అజాగ్రత్త వల్ల దొర్లినవాటిని గుర్తించడం సులువే గాని వాటికి ఎక్కువ విలువ ఇవ్వకూడదు. 1958 సినిమా ఓడకు సీసా పగలగొట్టి పేరు పెట్టే దృశ్యంతో మొదలవుతుంది. వైట్ స్టార్ సంస్థకు ఆ ఆచారమే లేదు, 1911 మే 31న బెల్‌ఫాస్ట్‌లో టైటానిక్‌ను నీటిలోకి దించినప్పుడు అటువంటిదేమీ జరగలేదు. విచిత్రమేమిటంటే ఆ సినిమా నిర్మాత విలియం మెక్విటీ చిన్నపిల్లవాడిగా ఆ రోజు అక్కడే నిలబడి ఓడ నీటిలోకి జారడం చూశారు. ఇదే సినిమాలో మొదటి తరగతి పొగతాగే గదిలో కనిపించే వర్ణచిత్రం టైటానిక్‌ది కాదు, దాని జోడు ఓడ ఒలింపిక్‌లోది. టైటానిక్‌లో ఉన్నది ప్లిమత్ రేవు చిత్రం. అలాగే ఏ సినిమాలోనైనా నాలుగు పొగగొట్టాల నుంచీ సమానంగా దట్టమైన పొగ వస్తుంటే పట్టికలో ఒక గీత గీసుకోవచ్చు, ఎందుకంటే నాలుగవది బాయిలర్ల కోసం కట్టినది కాదు, ప్రధానంగా గాలి ఆడడానికి ఏర్పాటు చేసినది.

కల్పిత పాత్రల దగ్గర కొలత మార్చాలి. 1953 సినిమా తన మొదట్లోనే, ఓడ నడకకు సంబంధించిన వివరాలన్నింటినీ అమెరికా, బ్రిటిష్ విచారణల నివేదికల నుంచి యథాతథంగా తీసుకున్నామని ప్రకటిస్తుంది. కథకు కేంద్రమైన స్టర్జెస్ కుటుంబం మాత్రం పూర్తిగా కల్పితం. ఇటువంటి ప్రకటన కనిపించినప్పుడు అది దేనికి హామీ ఇస్తోందో, దేనికి ఇవ్వడం లేదో అక్షరం అక్షరం చదవాలి. ఈ సినిమా కుటుంబం నిజమని ఎక్కడా చెప్పలేదు గాని, నివేదికల పేరు ముందే వినిపించడం వల్ల ప్రేక్షకుడు ఆ నమ్మకాన్ని కుటుంబం మీదికి కూడా తనంతట తానే మోసుకుపోతాడు. చివర్లో పడవలు దొరకని వందలాది మంది నిలబడి ఒక్క గొంతుతో ప్రార్థనాగీతం పాడే దృశ్యం కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. బతికినవారు చెప్పిన చివరి నిమిషాల్లో ఉన్నది మాత్రం వాలిపోతున్న డెక్ మీద వెనక్కి ఎగబాకే గుంపు, కొట్టుకుపోతున్న మడత లైఫ్‌బోట్లు.

ఇక పరిశీలనలో ఎక్కువ సమయం కేటాయించవలసినది నిందలకే, ఎందుకంటే సీసా తప్పయితే ఎవరికీ నష్టం లేదు గాని నింద మోసేది పేరూ కుటుంబమూ ఉన్న మనిషి. 1943 సినిమాలో ఓడ సంస్థ అధిపతి బ్రూస్ ఇస్మే వాటాల ధర పెంచడానికి అట్లాంటిక్‌ను రికార్డు వేగంతో దాటాలని కెప్టెన్‌ను ఒత్తిడి చేస్తాడు. ప్రమాదాన్ని ముందే పసిగట్టి హెచ్చరించేది పీటర్సన్ అనే జర్మన్ అధికారి. టైటానిక్ మీద అటువంటి జర్మన్ అధికారి ఎవరూ లేరు. వేగం రికార్డు సంగతి తేల్చడానికి రెండు అంకెలు చాలు: అప్పటి రికార్డు మారిటానియా ఓడది, దాని వేగం సుమారు 26 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), టైటానిక్ శక్తినంతా కూడదీసినా 23, 24 నాట్లకు మించదు. గొబెల్స్ ప్రచార మంత్రిత్వ శాఖ నీడలో, ఇంగ్లండ్ ధనాశను ఎండగట్టడానికి తీసిన సినిమా ఇది. దర్శకుడు హెర్బర్ట్ సెల్పిన్ చిత్రీకరణ కాలంలో సైన్యాన్ని దూషించిన నేరంపై అరెస్టయి, 1942లో జైలు గదిలో ఉరికి వేలాడుతూ కనిపించారు. ఇంత జరిగాక గొబెల్స్ ఆ సినిమాను జర్మనీలో ప్రదర్శించనివ్వలేదు. అయినా దాని జాడ అక్కడితో పోలేదు: అందులోని కొన్ని షాట్లను 1958 బ్రిటిష్ సినిమాలో వాడుకున్నారు. ఒక దృశ్యం ఏ సినిమాలో ఉందో చూస్తే చాలదు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలన్నది ఇందుకే.

నింద ఎప్పుడూ ఇంత బాహాటంగా ఉండదు. 1958 సినిమాలో కాలిఫోర్నియన్ ఓడ చాలా దగ్గరలో ఆగి ఉంటుంది, ఆకాశంలో రాకెట్లు పేలుతుంటే దాని కెప్టెన్ నిద్రలో ఉంటాడు. రాకెట్లు చూశామని ఆ ఓడ సిబ్బందే విచారణలో ఒప్పుకున్నారు. వైర్‌లెస్ గదిని ఆ రాత్రికి మూసివేసి ఆపరేటర్ నిద్రపోయిన మాట కూడా నిజం. కాని రెండు ఓడల మధ్య దూరం ఎంత అన్నది అప్పటికే వివాదంలో ఉంది. సినిమా వచ్చేనాటికి 80 ఏళ్లు దాటిన కెప్టెన్ స్టాన్లీ లార్డ్ తన పేరును నిలబెట్టుకోవడానికి నావికాధికారుల సంఘాన్ని ఆశ్రయించారు. ఇటువంటి సన్నివేశానికి పట్టికలో రెండు వరుసలు వాడాలి: ఒప్పుకున్న వాస్తవాలు ఒకదానిలో, వివాదంలో ఉన్నవాటిని తేలినట్లు చూపించిన భాగం మరొకదానిలో.

మూడవ తరగతి ప్రయాణికులను పైకి రానివ్వకుండా గేట్లు మూసివేశారన్న విషయంలో రికార్డుకే ఒక లోటు ఉంది. వారి పట్ల వివక్ష జరగలేదని బ్రిటిష్ విచారణ తేల్చింది గాని, మూడవ తరగతి ప్రయాణికులను ఒక్కరిని కూడా సాక్ష్యానికి పిలవలేదు. అమెరికా విచారణ ముగ్గురిని పిలిచింది. వారిలో డేనియల్ బక్లీ, ఒక నావికుడు గేటు తాళం వేశాడనీ, ప్రయాణికుడొకడు దానిని విరగగొట్టాడనీ చెప్పారు. మొదటి తరగతిలో 60 శాతానికి పైగా బతకగా, మూడవ తరగతిలో బతికినది సుమారు 25 శాతమే. అందువల్ల గేట్ల వెనుక జనం ఇరుక్కున్న సన్నివేశాన్ని ‘నివేదికలో లేదు’ అన్న కారణంతో కొట్టివేయకూడదు. నివేదిక ఎవరిని అడగలేదో అది కూడా పట్టికలోకి ఎక్కాలి.

చివరగా, తేలని విషయాలకు ఒక గుర్తు పెట్టుకోవాలి. వాలెస్ హార్ట్‌లీ నాయకత్వంలోని ఓడ వాద్యబృందం చివరగా వాయించినది ‘నియరర్, మై గాడ్, టు దీ’ అనే ప్రార్థనాగీతమని కొందరు చెప్పారు. వైర్‌లెస్ ఆపరేటర్ హెరాల్డ్ బ్రైడ్ ‘ఆటమ్’ అన్నారు. మొదటిదే అనుకున్నా ఆ గీతానికి వేర్వేరు బాణీలున్నాయి: 1953 అమెరికన్ సినిమా తన దేశంలో వాడుకలో ఉన్న ‘బెథనీ’ బాణీని, 1958 బ్రిటిష్ సినిమా తన దేశపు ‘హార్బరీ’ బాణీని వాడుకున్నాయి, మెథడిస్టు (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) కుటుంబంలో పుట్టిన హార్ట్‌లీకి వీటికంటే మూడవదైన ‘ప్రొపియర్ డియో’ ఎక్కువ అలవాటై ఉండవచ్చు. ఈ వరుసలో తప్పు, ఒప్పు అని రాయకుండా, ఏ సినిమా ఏ బాణీని ఎంచుకుందో మాత్రమే రాసి వదిలేయాలి.